వాసన సీసాలు

ఎవరికైనా చెడ్డ కబురు చెప్పాలంటే మంచి ఎండ కాసే రోజు చూసుకోవాలని మా ఆయన సిద్ధాంతం. కెనడా వచ్చాక పుట్టిన సిద్ధాంతమే ఇది. సగం ఏడాది మంచులో ముడుచుకుని బతికే చోట, ఎండ కాసిన రోజున మనుషులు దేనికైనా సర్దుకుపోతారట. అందుకే సెప్టెంబరులో ఒక శనివారం, ఆకాశంలో మబ్బు తునక లేని రోజు చూసి, ఇక మీదట వంటింటి జోలికి వెళ్ళొద్దని వాళ్ళమ్మకి చెప్పడానికి మా అందర్నీ వైను పండగకి తీసుకెళ్ళాడు.

వాళ్ళమ్మని, వైను పండగకి. కార్తీకమాసం నెలంతా ఉల్లిపాయ ముట్టని మనిషిని. నేను అదే మాటంటే, "అక్కడ ఫుడ్డు కూడా ఉంటుంది, ద్రాక్షతోటలుంటాయి, పాపకి ట్రాక్టర్ రైడ్ ఉంటుంది, అమ్మకి పచ్చదనం అంటే ఇష్టం" అని ఏకరువు పెట్టాడు. అసలు సంగతి, ఆఫీసులో ఎవరో వెళ్ళడం కుదరక పాసులు ఇతని చేతిలో పెట్టారు. ఊరికే వచ్చింది వదులుకునే వంశం కాదు మా అత్తవారిది.

మేముండేది టొరంటోలో ఎటోబికో వైపు, వరసగా అతుక్కుని కట్టిన ఇళ్ళలో ఒకటి. ఇద్దరివీ కంప్యూటర్ ఉద్యోగాలే. మా పాప నాలుగో తరగతి. మేమిద్దరం ఆఫీసుల్లో ఉంటే, బడి నుంచి వచ్చిన పిల్లకి తలుపు తీసేదీ, తిండి పెట్టేదీ, మేమొచ్చేసరికి ఇల్లంతా పోపు వాసనతో ఎదురు వచ్చేలా చేసేదీ మా అత్తమ్మ. ఆవిడ తెనాలి మనిషి. నేను కరీంనగర్ దాన్ని. పెళ్ళయిన కొత్తలో "అత్తమ్మా" అంటే "అత్తయ్యా అనాలమ్మాయ్" అని దిద్దేది. నేను మారలేదు. కొన్నాళ్ళకి ఆవిడే విసిగి ఊరుకుంది.

ఆవిడ వంట గురించి ఒక విషయం చెప్పాలి, లేకపోతే ఆ రోజు ఏం జరిగిందో ఎవరికీ అర్థం కాదు. ఆవిడ వండేటప్పుడు రుచి చూడదు. పొయ్యి మీదున్నది ఏదైనా ముందు దేవుడి ముందుకి వెళ్ళాలి, ఆ తర్వాతే మనిషి నోటికి. మధ్యలో నాలుక తగిలిందంటే అది ఎంగిలి. మరి ఉప్పు సరిపోయిందో లేదో ఎలా తెలుస్తుంది? వాసనతో. గిన్నె మీద కొంచెం వంగి, ఆవిరిని చేత్తో తనవైపు తోసుకుని, ఒక్క క్షణం ఆగి, "ఇంకో చిటికెడు పడుతుంది" అనేది. మా ఇంట్లో మా అమ్మ పులుసు చుక్క అరచేతిలో వేసుకుని చప్పరించి చూస్తుంది. నేను అలా పెరిగినదాన్ని. ఉప్పుకి వాసనేంటి, ఇదంతా ఉత్త గొప్ప అనుకుని, కొత్తలో ఆవిడ అటు తిరగ్గానే చెంచాతో దొంగతనంగా చూసేదాన్ని. ఒక్కసారి కూడా తప్పు దొరకలేదు. మా పక్కింటి ఇటాలియన్ ఆంటీ కాఫీ పెట్టుకుంటే గోడ ఇవతల నుంచి "ఇవాళ పాలు పొంగిపోయినట్టున్నాయి పాపం" అనేది ఆవిడ.

అలాంటిది, వసంతం వచ్చిన దగ్గర్నుంచీ వంట తప్పడం మొదలైంది. పప్పుచారులో ఒకరోజు ఉప్పు రెండింతలు, ఇంకోరోజు అసలు లేదు. ఆవాలు మాడి బొగ్గయిన పోపుని అలాగే దోసకాయ పచ్చడి మీద వేసి, ఏమీ జరగనట్టు వడ్డించింది. విరిగిపోయిన పాలతో సేమ్యా పాయసం చేసింది. మేము మొహాలు చూసుకుని తినేవాళ్ళం. "బాగుందా?" అని అడిగితే బాగుందనేవాళ్ళం. పాప మాత్రం "ఇట్స్ వీర్డ్" అని పళ్ళెం తోసేసేది. నాకు ఆవిడ మీద కోపం వచ్చేది. ఏదో విషయంలో అలిగి, మాటల్లో చెప్పకుండా వంటలో చెబుతోందని అనిపించేది. ఆవిడకి అలగడం కొత్త కాదు.

మా ఆయనది వేరే భయం. మతి తప్పుతోందని. ఆ మాట పైకి అనడు, ఫోన్‌లో చదువుతాడు. ఆవిడ చేసే ప్రతిదీ అతనికి లక్షణంలాగే కనబడేది. పాప బడి నుంచి రాగానే నానమ్మ దగ్గరికి లాక్కుని తలకి మొహం ఆనించి వాసన చూడటం పుట్టినప్పటి నుంచీ ఉన్నదే. మా వైపు పెద్దవాళ్ళూ చేస్తారు. కానీ ఈ మధ్య పట్టుకుంటే వదిలేది కాదు. జుట్టులో ముక్కు దూర్చి, కళ్ళు మూసుకుని, అలా ఉండిపోయేది. పిల్ల గింజుకుని "నానమ్మా, ఐ కాంట్ బ్రీద్" అని విడిపించుకునేది. "చూడు, ఎంతసేపు పట్టుకుందో కూడా తెలియట్లేదు అమ్మకి" అని దాన్ని కూడా తన లెక్కలో వేసుకున్నాడు.

ఆగస్టులో పాలగిన్నె మాడింది. పొయ్యి మీద పాలు పెట్టి, అదే వంటింట్లో బల్ల దగ్గర అటు తిరిగి కూర్చుని ఆవిడ చిక్కుడుకాయలు వలుస్తోంది. పాలు పొంగి, ఇంకి, గిన్నె అడుగు ఎర్రబడి, పొగ కమ్మేసింది. ఇంటి కప్పుకి బిగించిన పొగ అలారం అరిచేదాకా ఆవిడ కదల్లేదు. పాప మేడ మీద గదిలో ఉంది. ఏమీ కాలేదు. పిల్ల నాకు ఆఫీసుకి ఫోన్ చేసి, మామూలు గొంతుతోనే, "మామ్, ద కిచెన్ ఈజ్ ఆల్ వైట్" అంది. 

దాంతో మా ఆయన నిర్ణయం అయిపోయింది. భోజనం బ్రాంప్టన్‌లో క్యారేజీలు పంపే ఒక తెలుగావిడ దగ్గర్నుంచి. పాప బడి తర్వాత డేకేర్‌లో. మేము లేనప్పుడు పొయ్యి వెలగకూడదు. అన్నీ సబబే. కానీ అవన్నీ తీసేస్తే ఆవిడకి ఈ దేశంలో మిగిలేది ఒక కిటికీ, ఒక టీవీ. అది అతనికీ తెలుసు. అందుకే ఎండ కోసం ఆగాడు.

బయల్దేరే రోజు పొద్దున్నే లేచి ఆవిడ పులిహోర కలిపింది. అక్కడ అన్నీ దొరుకుతాయమ్మా అంటే, "దొరికేవి మనం తినేవా" అని డబ్బాకి మూత పెట్టేసింది. కార్లో మూత సందులోంచి మాడిన ఇంగువ వాసన సన్నగా వస్తూనే ఉంది. నేను కిటికీ కొంచెం దించాను. ముందు సీట్లో ఆవిడ నేత చీర మీద పాప పాత బేస్‌బాల్ టోపీ పెట్టుకుని, చేతులు ఒళ్ళో పెట్టుకుని, హైవే పక్క సరస్సు మెరుస్తుంటే చూస్తోంది. మా ఆయన "ఏసీ ఎక్కువైందా అమ్మా, నీళ్ళు కావాలా అమ్మా" అని నిమిషానికోసారి అడుగుతున్నాడు.

నయాగరా జలపాతం దాకా వెళ్ళకుండా ముందే పక్కకి తిరిగితే అన్నీ ద్రాక్షతోటలే. వాటి మధ్య ఒక చిన్న ఊరి మైదానంలో తెల్ల గుడారాలు వేశారు. గేటు దగ్గర పెద్దవాళ్ళందరికీ ఒక్కో గాజు గ్లాసు, అది మెళ్ళో వేలాడేసుకోవడానికి ఒక గుడ్డ సంచీ ఇచ్చారు. మా అత్తమ్మ కూడా వద్దనకుండా మెళ్ళో వేసుకుంది. మంగళసూత్రాలు తీసేశాక ఆవిడ మెడలో పగడాల దండ ఒక్కటే ఉంటుంది. దాని పక్కన వైను గ్లాసు వేలాడటం చూసి నేను నవ్వాపుకోలేకపోయాను. ఆవిడా నవ్వింది. "ఫోటో తీయకు. తెనాలిలో నా పరువు పోతుంది" అంది.

ఎండ నిజంగానే బాగుంది. వేడి లేదు, వెలుతురు మాత్రమే. జనం గడ్డి మోపుల మీద కూర్చుని తింటున్నారు. ఒకపక్క మొక్కజొన్నపొత్తులు కాలుస్తున్నారు, ఇంకోపక్క పెద్ద పెనం మీద వెన్నలో పుట్టగొడుగులు వేయిస్తున్నారు, ఎక్కడో పీచ్ పళ్ళు పెట్టి కాల్చిన తీపి రొట్టె ఓవెన్‌లోంచి తీశారు. ఆ వాసనలన్నీ కలిసి మీదకి వస్తుంటే పొద్దున తిన్నది గుర్తులేనంత ఆకలి వేసింది నాకు. అత్తమ్మ మాత్రం అన్నిటినీ కళ్ళతోనే చూస్తూ నడిచింది. ఇదివరకైతే ఒక్కో గుడారం దగ్గరా ఆగి, వాళ్ళేం వేస్తున్నారో చెప్పేది.

మొదటి గుడారంలో తెల్ల గడ్డం ఆయనొకడు వైను పోస్తున్నాడు. మా ఆయన కారు నడపాలి కనక ఒక గుక్కేనని నాకు మాటిచ్చి, వాళ్ళమ్మ వైపు ఓరగా చూస్తూ గ్లాసు పట్టాడు. ఇతను ఆఫీసు పార్టీల్లో తాగుతాడని ఆవిడకి తెలుసు. తెలుసని ఇతనికీ తెలుసు. అయినా ఆవిడ మర్యాదగా అటు తిరిగి ద్రాక్ష గుత్తుల బొమ్మ చూసింది. గడ్డమాయన గ్లాసు తిప్పి చూపించాడు. ముందు తాగకూడదు, ముక్కు పెట్టాలి అన్నాడు. నాలుకది చిన్న పనే, అసలు పనంతా ముక్కుదే అన్నాడు. అత్తమ్మకి ఇది నచ్చుతుందని నేను వెంటనే తెలుగులో చెప్పాను.

"తెలుసు" అంది ఆవిడ. అంతే. తన గిన్నె మీద ఆవిరి కథ ఆయనకి చెప్పమనలేదు. నాకు కొంచెం ఆశ్చర్యం వేసింది. ఈలోగా పక్కనున్న ఒకామె వైను నోట్లో పోసుకుని, పుక్కిలించి, బల్ల మీదున్న బకెట్‌లో ఉమ్మేసింది. అత్తమ్మ చప్పున కొంగు మూతికి అడ్డం పెట్టుకుని, "ఉమ్మేసేదానికి ఇంత తతంగమా" అని నన్ను లాక్కుని బయటికి నడిచింది.

జొన్నపొత్తుల దగ్గర క్యూ చాలా పొడుగ్గా ఉంది. మా ఆయన అందులో నిలబడి, కళ్ళతోనే నాకు సైగ చేశాడు, తిండి తెచ్చాక చెబుతానని. నేనూ అత్తమ్మా పాపా ముందుకి నడిచాం. అప్పుడు కనబడింది పాపకి ఆ బల్ల.

ఒక చిన్న గుడారం కింద తెల్లగుడ్డ పరిచిన పొడుగు బల్ల, దాని మీద వరసగా గోధుమరంగు సీసాలు. లోపలేముందో కనబడదు. మూతి మీద పల్చటి గుడ్డ కట్టారు. వైన్‌లో ఉండే వాసనలు ఇవే, వాసన చూసి పేరు చెప్పండి, తర్వాత సీసా కింద చూసుకోండి అని ఏప్రన్ కట్టుకున్న కాలేజీ అమ్మాయి నవ్వుతూ చెబుతోంది. పాప మొదటిది తీసి, "సినమన్. టూ ఈజీ" అంది. రెండోది ఆరెంజ్ తొక్క అంది, మూడోది మింట్ అంది. అన్నీ సరిగ్గా చెప్పింది. ఏప్రన్ అమ్మాయి ముచ్చటపడి, నీకింత మంచి ముక్కు ఎవరిచ్చారు అని అడిగితే, పాప గర్వంగా నానమ్మని చూపించింది. నాలుగో సీసా తీసి ఆవిడ చేతిలో పెట్టింది. "నానమ్మా, యువర్ టర్న్."

అత్తమ్మ సీసా అందుకుంది. గుడ్డకి ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుని, గట్టిగా లోపలికి పీల్చింది. చాలాసేపు ఉంది అలా. తర్వాత కళ్ళు తెరిచి, ఏ తడబాటూ లేకుండా, "యాలక్కాయ్" అంది.

పాప పకపకా నవ్వి, "నో నానమ్మా, స్మెల్ ఇట్ ప్రాపర్లీ" అని ఆ సీసా నా ముక్కు దగ్గర పెట్టింది. లవంగం. గదిలో ఒక మూల ఉంటే ఇంకో మూలకి తెలిసే లవంగం.

పాప ఇంకో సీసా ఇచ్చింది. ఈసారి అత్తమ్మ దాన్ని ముక్కు దగ్గరికి తీసుకెళ్ళే ముందు, చెవి దగ్గర పెట్టుకుని మెల్లగా ఊపింది. లోపల గింజలో, కాయలో, పొడో చప్పుడుని బట్టి తెలుసుకోవడానికి. ఎవరూ చూడలేదనుకుంది. నేను చూశాను. చప్పుడు రాలేదు, అంటే పొడి. "పసుపా?" అంది. ఆ పసుపా అనడంలో మొదటిసారి గొంతు తగ్గింది.

అది కాఫీ పొడి. సీసా బల్ల మీద ఉండగానే నాకు వాసన వచ్చింది. తెనాలిలో పక్క వీధిలో గింజలు వేయిస్తే ఎవరింట్లోనో చెప్పగలిగే మనిషి, కాఫీ పొడిని మొహానికి ఆనించుకుని పసుపా అని అడుగుతోంది.

నాకు ఒక్కసారిగా అన్నీ వరసగా అర్థమయ్యాయి. ఉప్పు, మాడిన పోపు, విరిగిన పాలు, వీపు వెనక పొగ. అలకా కాదు, మతిమరుపూ కాదు. పాప ఇంకో సీసా తీస్తుంటే, ట్రాక్టర్ రైడ్‌కి లైను పెరిగిపోతోందని చెప్పి దాన్ని అటు పంపించాను. ట్రాక్టర్ కనబడేంత దూరంలో ఒక గడ్డి మోపు మీద అత్తమ్మని కూర్చోబెట్టి, పక్కన కూర్చున్నాను.

"ఎప్పట్నుంచి అత్తమ్మా?" అన్నాను.

ఆవిడ ఏమిటి ఎప్పట్నుంచి అని అడగలేదు. మెళ్ళో ఉన్న గ్లాసుని కొంగుతో తుడుస్తూ, "చలికాలం ఆఖర్లో జ్వరం వచ్చింది చూడు. అది తగ్గింది, ఇది రాలేదు" అంది.

"మాకు చెప్పొద్దా?"

"చెబితే ఏం చేస్తారు? వంట మానెయ్యమంటారు."

ఆ మాట అనాల్సిన మనిషి జొన్నపొత్తుల క్యూలో ఉన్నాడు.

"వాడు పొద్దుటి నుంచి నా చుట్టూనే తిరుగుతున్నాడు" అంది ఆవిడ. "ఇంటర్లో లెక్కలు తప్పినప్పుడూ ఇంతే. చెప్పేదాకా నా వెనకాలే తిరిగాడు, అమ్మా నీళ్ళు తోడనా, అమ్మా కూరలు తేనా అంటా. వంట గురించేగా?"

అవునని తల ఊపాను.

"సరే, చెప్పనీ. నువ్వు మాత్రం ఈ సంగతి వాడికి చెప్పకమ్మాయ్. ఇవాళ కాకపోతే రేపు వస్తుందేమోనని చూస్తున్నా. చెప్పేస్తే ఇంక పోయినట్టే అవుతుంది."

నాకు ఏడుపూ కోపమూ కలిసి వచ్చాయి. చలికాలం నుంచి ఈ మనిషి మా మధ్యే తిరుగుతూ, మేము బాగుందంటే నమ్మి, లేక నమ్మినట్టు నటించి, రోజూ పొద్దున పొయ్యి ముందు గుడ్డిగా నిలబడింది. ఉప్పు గుర్తుని బట్టి వేసి, పోపు రంగుని బట్టి దించి. ఒక్క చుక్క నాలిక మీద వేసుకుని ఉంటే ఉప్పయినా తెలిసేది. వేసుకోలేదు. దేవుడికి ఎంగిలి పెట్టలేదు. మాకు మాత్రం మాడిన పోపు పెట్టింది. ఆవిడని కావలించుకోవాలనీ ఉంది, భుజాలు పట్టి కుదపాలనీ ఉంది.

మా ఆయన వచ్చాడు. రెండు చేతుల్లో అట్టపళ్ళేలు, మొహం మీద తెచ్చిపెట్టుకున్న నవ్వు. మధ్యలో పులిహోర డబ్బా తెరిచాం. అతను ఒక ముద్ద నోట్లో పెట్టుకుని, నమిలి, మింగి, "బాగుందమ్మా" అన్నాడు అలవాటు కొద్దీ. తర్వాత గొంతు సవరించుకున్నాడు.

"అమ్మా, నువ్వు ఇన్నేళ్ళు కష్టపడ్డావ్. ఇంక రెస్ట్ తీసుకో. సోమవారం నుంచి బయట నుంచి క్యారేజీ అరేంజ్ చేశా."

"సరేరా" అంది ఆవిడ.

అతను తెల్లబోయాడు. వద్దంటే ఏం చెప్పాలో, ఏడిస్తే ఏం చెప్పాలో అన్నీ తయారు చేసుకుని వచ్చాడు. సరే అంటే ఏం చెప్పాలో చూసుకోలేదు. "అంటే, పూర్తిగా మానెయ్యమని కాదు..." అని నసిగాడు. ఆవిడ జొన్నపొత్తు గింజలు ఒలిచి నోట్లో వేసుకుంటూ, "అలాగే నాన్నా" అంది. ఇక్కడితో ముగిసిపోయేది. నేను నోరు మూసుకుని ఉంటే అతను మతిమరుపనే అనుకునేవాడు, ఆవిడ కిటికీ దగ్గర కూర్చుని ఒక్కతే ఎదురుచూసేది, గ్యాస్ లీకైనా తెలియని ఇంట్లో.

"ఆమెకు వాసన వస్తలేదు" అన్నాను. "మతిమరుపు కాదు. చలికాలం జ్వరం నుంచి అస్సలు వాసన వస్తలేదు."

అత్తమ్మ నా వైపు చూడలేదు. పొత్తుని పళ్ళెంలో పెట్టింది.

మా ఆయన మొహంలో ముందు కనబడింది సంతోషం. నిజంగా సంతోషమే. "ఓ, అంతేనా! అమ్మా, మాకు చెప్పొచ్చు కదా. నేను ఏదేదో అనుకుని భయపడి చచ్చాను" అన్నాడు. వెంటనే పనిలోకి దిగాడు. గ్యాస్ వాసన పసిగట్టే మిషను పెడదాం, పొయ్యికి టైమర్ కొందాం, డాక్టర్ అపాయింట్‌మెంట్ తీసుకుందాం, ఉప్పుకేముంది, రుచి చూస్తే సరిపోతుంది, దేవుడికి విడిగా బెల్లం ముక్క పెట్టు, ఆయనేం అనుకోడు. అన్నిటికీ అత్తమ్మ అలాగేనంది. బెల్లం ముక్కకి కూడా అలాగేనంది. నేను ఆ మాట దగ్గర ఒక యుద్ధం జరుగుతుందనుకున్నాను. ఇన్నేళ్ళ ఆచారాన్ని అట్టపళ్ళెంలో పెట్టి ఇచ్చేసినట్టు, అలాగేనంది.

అతను ఫోన్ తీసి ఏదో చదవడం మొదలుపెట్టాడు. పెద్దవాళ్ళలో వాసన తెలియకపోవడం గురించే అయ్యుంటుంది. చదువుతూ చదువుతూ ఒకచోట అతని బొటనవేలు ఆగిపోయింది. వాసన పోవడం ఏ జబ్బులకి మొదటి లక్షణమో అక్కడ రాసి ఉంది, అందులో మతిమరుపు జబ్బూ ఉందని నేను తర్వాత చూశాను. అప్పుడు మాత్రం అతని మొహంలోంచి ఎండ దిగిపోవడమే చూశాను. ఫోన్ బోర్లించి పెట్టి, పులిహోరలో ఇంకో ముద్ద తీసుకుని, మళ్ళీ "బాగుందమ్మా" అన్నాడు.

"బాగాలేదురా" అంది ఆవిడ నెమ్మదిగా. "మాడిన రంగు కనబడుతూనే ఉంది. తినకు."

ట్రాక్టర్ వచ్చి ఆగింది. పాప దూకి, గడ్డిపోచలు నెత్తి నిండా అంటించుకుని, చెమటతో పరిగెత్తుకుంటూ వచ్చింది. వచ్చి నానమ్మ ఒళ్ళో కూలబడింది. అత్తమ్మ అలవాటుగానే దాని తల రెండు చేతుల్తో పట్టుకుని, పాపిట మీద ముక్కు ఆనించి, కళ్ళు మూసుకుంది. వదల్లేదు. పాప గింజుకుంది. "నానమ్మా, స్టాప్. వై డూ యూ ఆల్వేస్ డూ దట్?"

అత్తమ్మ చేతులు తీసేసింది. ఏ మాటకైనా అలాగేనంటూ వచ్చిన మనిషికి అప్పుడు కళ్ళల్లో నీళ్ళు తిరిగాయి.

"వంటదేముందమ్మా. ఎవరో ఒకరు వండుతారు" అంది నాతో. "దీని తల వాసన రావట్లేదు నాకు. పుట్టిన రోజు నుంచి చూస్తున్న వాసన. రోజూ బడి నుంచి రాగానే చూస్తా, ఇవాళ వస్తుందేమోనని. ఎలా ఉండేదో కూడా మర్చిపోతున్నా."

మా ఆయన తల తిప్పేసుకున్నాడు. పక్కన గుడారంలో ఎవరో గిటార్ వాయిస్తున్నారు, జనం చప్పట్లు కొడుతున్నారు.

పాప ఇంగ్లీషులోనే జవాబిస్తుంది కానీ తెలుగు ప్రతి ముక్కా అర్థమవుతుంది దానికి. కాసేపు నానమ్మ మొహంలోకి చూసింది. తర్వాత నెత్తి మీది గడ్డిపోచలు దులుపుకుని, మళ్ళీ వంగి, తల తెచ్చి ఆవిడ ముక్కు కింద పెట్టింది.

"ట్రై నౌ" అంది. "ఐ యామ్ రియల్లీ స్వెటీ."

అత్తమ్మ ముక్కు ఆనించి పీల్చింది. పాప ఈసారి కదల్లేదు, ఊపిరి బిగబట్టి ఉంది. మేమిద్దరం కూడా అంతే. చాలాసేపటికి ఆవిడ తలెత్తి, పిల్ల బుగ్గ మీద చెయ్యి వేసింది.

"వస్తోంది బంగారం" అంది. ఇందాక బల్ల దగ్గర, ఏ తడబాటూ లేకుండా, యాలక్కాయ్ అన్న గొంతుతోనే.